చిల్లుల అట్టకు ఏ దారం?

ఫిబ్రవరి 4

ఈ డైరీ నా కోసం రాసుకుంటున్నాను. ఎవరి మీదో అక్కసు వెళ్ళగక్కడానికి కాదు. నాకు ఎవరి మీదా అక్కసు లేదు.

ఇవాళ భోజనాలయ్యాక అత్తయ్య కోడళ్ళిద్దర్నీ కింద తన గదిలోకి పిలిచింది. లేసు దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గడ్డి కూరి గట్టిగా కుట్టిన గుండ్రటి దిండు. పక్కన పెట్టెలో దారం చుట్టుకునే చెక్క బాబిన్లు, వేళ్ళు పడీ పడీ నున్నగా అయిపోయినవి. ఆవిడకి ఆవిడ అత్తగారు ఇచ్చినవవి. ఆ దిండు ఎవరి ఒళ్ళో ఉంటే శనివారం లేసు క్లాసు వాళ్ళది. ఈ వీధిలో "లేసమ్మగారు" అన్న పిలుపూ వాళ్ళదే.

"ఇక నా వల్ల కాదర్రా, చేతులు లాగేస్తున్నాయి," అంది అత్తయ్య. "మీ ఇద్దరిలో ఒకరికి ఇచ్చేద్దామనుకుంటున్నా. దిండుని రెండు ముక్కలు చెయ్యలేం కదా."

నేను ఈ ఇంటికి పెద్దకోడల్ని. ఆ మాట పైకి అనలేదు. అందరికీ తెలిసిన సంగతిని గుర్తుచేయడం మర్యాద కాదు. గొంతు మాత్రం సవరించుకున్నాను.

అత్తయ్య మంచం కింద పెట్టెలో చేయి పెట్టి, చాలాసేపు తడిమి తడిమి, ఒక పాత అట్ట తీసింది. దాన్ని వేళ్ళతో నిమురుతూ అంది: "ఇది మా అత్తగారి నమూనా. ఆవిడ ఎప్పుడూ అల్లి చూపించలేదు. నాకేమో ధైర్యం చాల్లేదు. పోయేలోపు ఇది లేసు అయితే చూడాలని ఉందే. చెరో నకలు తీసుకోండి. దారం మీరే ఎంచుకోండి, పద్ధతి మీరే తేల్చుకోండి. ఏప్రిల్ మొదటి ఆదివారం తెచ్చి నా చేతిలో పెట్టండి. ఎవరిది నచ్చితే దిండు వాళ్ళది."

అట్ట చూశాం. నమూనా అట్టని దిండు మీద పరిచి, చిల్లుల్లో సూదులు గుచ్చి, వాటి చుట్టూ దారాలు మెలివేసి అల్లుతాం మేం. దీని మీద ఒక గీత లేదు, ఒక అంకె లేదు. ఉన్నవల్లా చిల్లులు. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. ఇంకో రకంగా చెప్పాలంటే, ఎవరి తెలివి వారే తెచ్చుకుని నింపుకోవలసిన చిల్లులు.

మా తోడికోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి, "సరే అత్తయ్యా," అంది. అంతే. ఆవిడ వంకాయల్ని కూడా అలాగే తిప్పి చూస్తుంది.

నాకు మాత్రం అందులో రెక్కలు చాచిన పక్షి వెంటనే కనిపించింది. మధ్యలో పువ్వు కూడా.

ఫిబ్రవరి 5

"దారంలో ఎంచుకోవడానికేముంది? తెల్లది తీసుకో," అన్నారు మా ఆయన పేపరు మడవకుండానే.

లేసమ్మగారి కడుపున పుట్టి ఇన్నేళ్ళు ఈ ఇంట్లో పెరిగిన మనిషి. గాడిదకేం తెలుసు గంధపు వాసన అని ఊరికే అనలేదు. కూర్చోబెట్టి చెప్పాను. చిల్లుకీ చిల్లుకీ మధ్య ఎంత దూరం ఉందో దాన్ని బట్టి దారం. లావుదైతే లేసు గోనెసంచిలా బిగుసుకుపోతుంది, సన్నదైతే సాలెగూడులా వేలాడుతుంది. నూలైతే మెత్తగా ఉంటుంది కానీ ఉతికితే ముడుచుకుంటుంది. పట్టు జారిపోతుంది. లినెన్ దారానికి ఒంట్లో బలం ఉంటుంది, నిలబడుతుంది. దాని నెంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది.

"అయితే నెంబరు తక్కువది తీసుకో, తొందరగా అయిపోతుంది," అన్నారు.

ఇక పద్ధతి సంగతి ఆయనకి చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటాను. రెక్క రెక్కగా, పువ్వు పువ్వుగా విడిగా అల్లి, ఆ తర్వాత మధ్యలో వలలాంటి అల్లికతో కలిపే పద్ధతినే ఎంచుకున్నాను. అది కష్టం. అందుకే ఎంచుకున్నానని కాదు, అట్ట అదే అడుగుతోంది. ఒక సన్నటి పట్టీ అల్లుకుంటూ, దాన్నే వంకర్లు తిప్పి బొమ్మ చేసేసే పద్ధతి ఒకటుంది. అది క్లాసులో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి నెలలో నేర్పిస్తాం, వాళ్ళు ఏడవకుండా ఉండటానికి.

లినెన్, అరవై నెంబరు. ఇదే నా తుది నిర్ణయం.

ఫిబ్రవరి 7

దారాల షాపుకి వెళ్ళాను. ఇద్దరు నిలబడితే మూడో మనిషి రోడ్డు మీద ఉండాల్సిన షాపు అది. గోడల నిండా రీళ్ళు. షాపాయన కళ్ళజోడు నుదుటి మీద, చూపు మన చేతిసంచి మీద ఉంటాయి.

"చిన్నమ్మగారు పొద్దున్నే వచ్చి వెళ్ళారండీ," అన్నాడు, మా తోడికోడలి గురించి.

ఏం తీసుకుందని నేను అడగలేదు. నాకేం పని? "పొద్దున్న ఎండ ఎక్కువగానే ఉందే," అన్నాను.

"ఎనభై తీసుకున్నారండీ. లినెన్. ఆవిడకి మంచి చెయ్యి లెండి," అన్నాడు తనంతట తానే.

ఇంటికొచ్చి స్కేలుకి దారం చుట్టి చూశాను. ఒక సెంటీమీటరులో ఎన్ని చుట్లు పడతాయో లెక్కేసుకుని, అట్ట మీది దూరంతో పోల్చి చూస్తే నిజానికి అరవై లావే. ఇది నాకు ముందే అనిపించింది. అందుకే వంద నెంబరు తెచ్చాను.

ఫిబ్రవరి 10

ఫ్యాను ఆపేయించాను. వంద నెంబరు గాలికి ఎగురుతోంది.

ఫిబ్రవరి 13

దారం సన్నబడితే అదే ఖాళీని నింపడానికి ఎక్కువ జతల దారాలు కావాలి. బాబిన్లు చాలలేదు. మా ఆయన పెన్సిళ్ళకి చుట్టాను. అవీ అయిపోతే పొయ్యి వెలిగించే అగ్గిపుల్లలకి చుట్టాను. కాఫీ ఆలస్యమైందని ఆయన అడిగినప్పుడు, అగ్గిపుల్లలు లేసులో ఉన్నాయని చెప్పాను. ఆయన అర్థమైనట్టు తలూపారు. ఈ మధ్య ఆయనలో ఆ మార్పు వచ్చింది.

ఫిబ్రవరి 17

అట్టలో ఏముందో సొంతంగా తెలిసినా, నలుగురు పెద్దల మాట వినడం నా పద్ధతి. అసలు అట్టని అత్తయ్య దగ్గర అడిగి తీసుకుని లేసు సంఘం అధ్యక్షురాలికి చూపించాను. ఆవిడ భూతద్దం పెట్టి, ఊపిరి బిగబట్టి, గోడ గడియారం రెండుసార్లు కొట్టేదాకా చూసింది. నాకు కాళ్ళు పీకాయి.

"ఇది మాయమైపోయిన పద్ధతండీ," అంది చివరికి. "ఈ చిన్న చిల్లులు సూదులకి. ఈ పెద్ద చిల్లులున్నాయే, వీటిని ఊపిరి చిల్లులంటారు."

"ఎవరంటారండీ?"

"నేనంటాను. వీటి మీద వ్యాసం రాస్తాను, అట్ట అప్పటిదాకా నా దగ్గర ఉండనివ్వండి." తర్వాత అట్టని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఈ వాసన చూశారా? పూర్వం అట్టలకి మైనం పట్టించేవాళ్ళు. ఇప్పుడెవరండీ అంత ఓపిగ్గా చేసేది?"

రెక్కలు చాచిన పక్షి అని నేను చెప్పగానే ఒప్పుకుంది. అది వలస వెళ్ళే పక్షి అని కూడా చెప్పింది. ఇంత లోతు మా తోడికోడలి బుర్రకి అందుతుందా? పాపం, జాలేసింది.

ఫిబ్రవరి 21

మళ్ళీ షాపుకి. సూదులు కావాలని వెళ్ళాను.

"చిన్నమ్మగారు మొన్న ఆ ఎనభై తిరిగి ఇచ్చేశారండీ," అన్నాడు షాపాయన, అడక్కుండానే. "లావుగా ఉందని. నూట నలభై పట్టుకెళ్ళారు."

సూదులు మర్చిపోయి ఇంటికొచ్చాను. నా సంచిలో నూట అరవై రీలు ఉంది.

ఫిబ్రవరి 22

పూర్తి కావచ్చిన పువ్వుని కాస్తా విప్పేశాను. అల్లడం కంటే విప్పడం కష్టం. వేసిన మెలికలన్నీ వెనక్కి తిప్పుకుంటూ, పెట్టిన సూదులన్నీ ఒక్కొక్కటే తీసుకుంటూ రావాలి. నాకేం బాధనిపించలేదు.

ఫిబ్రవరి 23

నాకేం బాధనిపించలేదు.

ఫిబ్రవరి 26

మా గదికి సరిగ్గా కింద తోడికోడలి గది. కిటికీ తెరిచి ఉంటే ఆవిడ బాబిన్ల చప్పుడు పైకి వినిపిస్తుంది. నావి చిటికెల్లా చప్పుడు చేస్తాయి. ఆవిడవి టకటకమని గుర్రం పరిగెత్తినట్టు మోగుతున్నాయి. అంత సన్నటి దారానికి అంత బరువైన బాబిన్లు వాడితే దారం పుటుక్కుమనదా? తెగుతోందన్నమాట. తెగిన కోపంలో బాబిన్లు బాదుతోందన్నమాట.

కిటికీ దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డాను. గాలి కోసం.

మార్చి 2

షాపాయన ఇవాళ బల్ల కిందినుంచి ఒక నల్ల కాగితం పొట్లం తీశాడు. "ఇది అందరికీ చూపించనండీ. దీనికి నెంబరు కూడా లేదు. చిన్నమ్మగారు చూసి, ఆలోచించుకుని రేపొస్తానన్నారు."

నల్ల కాగితం ఎందుకంటే, అది లేకపోతే దారం కనిపించదు. కాగితం మీద ఉన్నప్పుడు కూడా, ఉందని ఆయన చెప్పబట్టి చూశాను.

రేపటిదాకా ఆగే అలవాటు నాకు లేదు.

మార్చి 6

గది తలుపుకి చీటీ అంటించాను: గాలి రానివ్వకూడదు. నా దిండు మీద నల్లగుడ్డ పరిచాను. కొత్తదారం తుమ్మితే తెగుతుంది, దగ్గితే తెగుతుంది, గట్టిగా ఏదైనా తలుచుకున్నా తెగుతుంది.

మా ఆయన తలుపు సందులోంచి అడిగారు: "ఏమోయ్, లోపలికొచ్చి చొక్కా తీసుకోవచ్చా?"

"ఊపిరి బయట పీల్చుకుని రండి."

ఆయన బుగ్గలు ఉబ్బించుకుని వచ్చి, బీరువా తెరిచి, ఎరుపెక్కిన ముఖంతో బయటపడ్డారు. చేతిలో ఉన్నది చొక్కా కాదు, దిండు గలీబు. దాంతోనే వెళ్ళిపోయారు. ఆయన సహకారం లేదని నేననను.

మార్చి 17

ఎడమ రెక్క అయింది. నేను చేసిన వస్తువు కాబట్టి నేను పొగడకూడదు. కానీ నల్లగుడ్డ మీద అది ఉంటే, అద్దం మీద ఎవరో ఊపిరి వదిలినట్టుంది.

నా దిండుని గుడ్డతో కప్పి జాగ్రత్తగా మెట్లు దిగి అత్తయ్యకి చూపించాను. ఆవిడ ముట్టుకోబోతే, "ముట్టుకోకండి అత్తయ్యా, తెగిపోతుంది," అన్నాను. చేయి వెనక్కి తీసుకుంది.

"ఎంతదాకా వచ్చిందే?" అంది.

"రెక్క పూర్తయింది అత్తయ్యా. చూడండి."

"ఆహా. బాగుందమ్మా. చాలా బాగుంది," అంది కిటికీ వైపు చూస్తూ. అంత అందాన్ని సూటిగా చూడలేకపోయింది. ఆవిడ కూడా లేసు మనిషే కదా, ఎంతైనా కాస్త ఈర్ష్య ఉంటుంది.

అత్తయ్య దిండు ఇక నాదే. అనుమానం లేదు.

మార్చి 26

రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాస్తాను, ఇది ఎవరూ చదవరు కాబట్టి.

అధ్యక్షురాలు వ్యాసం పూర్తి చేసుకుని అసలు అట్టని ఇవాళే తిరిగి పంపింది. భోజనాల బల్ల మీద పెట్టాను. మా ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆగిపోయారు.

"అరె! మా నాన్న అట్ట! ఎక్కడ దొరికింది నీకు?"

"మీ నాన్నది కాదు, మీ నాన్నమ్మది."

"నాన్నమ్మదేంటి? ఇది బూటు అట్ట." ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని తన కుడికాలి ముందు భాగం మీద పెట్టుకున్నారు. సరిగ్గా సరిపోయింది. "ఇదిగో, వేళ్ళ దగ్గర పువ్వు. ఇటూ అటూ రెక్కలు. తోలు మీద ఈ అట్ట పెట్టి గుర్తులేసుకుని చిల్లులు కొట్టేవారు. పెద్ద చిల్లుకో పనిముట్టు, చిన్నదానికో పనిముట్టు. నేను పక్కన కూర్చుని చూసేవాణ్ణి." ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. "పాలిష్ వాసన ఇంకా పోలేదే."

మా మామగారు బూట్లు కుట్టేవారు. నేను కాపురానికి రాకముందే పోయారు. ఆయన సామానూ అత్తయ్య సామానూ ఒకే పెట్టెలో ఉంటాయి.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అని అరిచాను.

"నాకెవరు చూపించారు? గది తలుపు మూసేసి, గాలి పీల్చుకోవడానికి కూడా పర్మిషన్ పెడితివి."

నేను ఇన్నాళ్ళూ, ఫ్యాను లేకుండా, అగ్గిపుల్లలు లేకుండా, బూటు ముక్కు అల్లుతున్నాను. వలస వెళ్ళే బూటు ముక్కు.

కాసేపు మంచం మీద పడుకున్నాను. తర్వాత లేచి కూర్చున్నాను, ఎందుకంటే ఒక మంచి సంగతి తట్టింది. అట్ట బూటుదని తేలితే ఇది అసలు పోటీయే కాదు. పోటీ లేకపోతే దిండు వరస ప్రకారం పెద్దకోడలిది. అదీకాక, చూడగానే నాకు అనుమానం వచ్చిందని కూడా చెప్పొచ్చు. నిజానికి వచ్చింది. ఇంత పెద్ద చిల్లులేమిటా అని మొదటిరోజే అనుకున్నాను. ఇక్కడ రాయడం మర్చిపోయి ఉంటాను.

రేపు పొద్దున్నే అత్తయ్యకి చెప్పేస్తాను.

మార్చి 27

అట్ట పట్టుకుని కిందికి వెళ్ళాను. అత్తయ్య స్నానానికి వెళ్ళింది. తోడికోడలు కిటికీ దగ్గర కూర్చుని అల్లుతోంది. ఆవిడ దిండు ఇన్నాళ్ళకి చూశాను.

దాని మీద ఉన్నది దారం కాదు, తాడు. నిజంగానే, ఆ దారంతో మూటలు కట్టొచ్చు. జతలు కూడా పట్టుమని పది లేవు. మొదటి నెల వాళ్ళు చేసే పట్టీ పద్ధతి.

"రా అక్కా, కూర్చో. టీ పెట్టనా?"

"ఇదేం దారం?"

"స్వెట్టర్లు అల్లే నూలు. లావుగా ఉందని తీసుకున్నా. మొదటిరోజు కొన్న ఉండే, ఇంకా మిగిలింది చూడు."

"మళ్ళీ షాపుకి వెళ్ళలేదూ?"

"మళ్ళీ ఎందుకు వెళ్తానక్కా? ఒక్క ఉండ సరిపోయిందిగా."

షాపాయన గురించి ఇక్కడ ఏమీ రాయను. రాస్తే కాగితం కాలిపోతుంది. నేను ఇన్నాళ్ళూ ఎవరితో పరిగెత్తాను?

అట్ట ఆవిడ ముందు పెట్టాను. "ఇది లేసు నమూనా కాదు. మామగారి బూటు అట్ట," అన్నాను, గొంతు బాగా తగ్గించి, ఆవిడ ముఖం ఎలా పాలిపోతుందో చూద్దామని.

"అవునక్కా. తెలుసు," అంది. "మీ మరిది నకలు చూడగానే పడి పడి నవ్వాడు. నీకు చెబుదామని రెండుసార్లు పైకొచ్చాను. తలుపుకి ఆ చీటీ చూసి వెనక్కెళ్ళిపోయా."

"మరి అత్తయ్యకి చెప్పలేదేం?"

ఆవిడ బాబిన్లు కింద పెట్టింది. "ఏమని చెప్పనక్కా? మామగారు రోజూ చేత్తో పట్టుకున్న అట్టని మీరు పోల్చుకోలేకపోయారు అత్తయ్యా అనా? ఆవిడకి కళ్ళు కనిపించట్లేదని మీకెవరికీ ఇంకా తెలీదనుకుంటోంది. నీడలు తెలుస్తాయి, అంతే. క్రితం నెల డాక్టరుకి చూపించా. ఇంక చేసేదేం లేదన్నాడు. ఎవరికీ చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుని అడిగింది." నా వైపు తిరిగి, "నీకు తెలుసు కదక్కా, కనిపించట్లేదని?"

"తెలుసు," అన్నాను.

"అందుకే లావు దారం తీసుకున్నా. వేలితో తడిమితే తెలియాలి కదా. బొమ్మ కూడా పట్టీతో అయితే గట్టుగట్టుగా తగులుతుంది. నువ్వు కూడా అలాంటిదే ఏదో ఎంచుకుని ఉంటావులే."

"ఊఁ," అన్నాను.

బాత్రూం తలుపు చప్పుడైంది. అత్తయ్య గోడ పట్టుకుని నడిచొస్తోంది. ఎన్నాళ్ళ నుంచి గోడ పట్టుకుని నడుస్తోందో నాకు తెలియదు. అట్టని వీపు వెనక్కి పెట్టుకుని మెట్లెక్కి వచ్చేశాను.

మార్చి 28

చెప్పలేదు. రేపు చెబుతాను. న్యాయం న్యాయమే.

మార్చి 30

కుడి రెక్క సగం అయింది. ఇప్పుడు లావు దారంతో మొదలుపెట్టొచ్చు, వ్యవధి ఉంది. కానీ అది ఆవిణ్ణి చూసి చేసినట్టుంటుంది. నేను ఒకరిని చూసి దారం మార్చే మనిషిని కాదు.

చెప్పడం సంగతి తర్వాత చూద్దాం.

ఏప్రిల్ 3

అయిపోయింది. సూదులన్నీ తీశాక దిండు మీదినుంచి దానంతటదే లేచినట్టు లేచింది. బరువు లేదు. తక్కెడలో వేస్తే ముల్లు సిగ్గుపడి కదలదు. ఇంత మంచిది నేను మళ్ళీ అల్లను. ఇంత మంచిది ఈ ఊళ్ళో ఎవరూ అల్లలేదు. ఇది నా గొప్ప కోసం రాయడం లేదు. నిజం కాబట్టి రాస్తున్నాను.

ఏప్రిల్ 7

అందరం అత్తయ్య గదిలో చేరాం. అన్నదమ్ములిద్దరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. అత్తయ్య కుర్చీలో కూర్చుంది, దిండు ఒళ్ళో ఉంది. తల నున్నగా దువ్వుకుంది కానీ పాపిడి వంకరగా వచ్చింది.

తోడికోడలు తన లేసు ఆవిడ చేతిలో పెట్టింది. అత్తయ్య వేళ్ళు దాని మీద మెల్లగా నడిచాయి. ఒక చోట ఆగాయి, వెనక్కి వెళ్ళాయి, మళ్ళీ ముందుకొచ్చాయి.

"ఇదిగో పువ్వు," అంది. "ఇదేమిటి, ఇలా వంపు తిరిగింది? ఇటు కూడా ఉందే. రెక్కలు! పక్షి కదూ ఇది? మా అత్తగారు ఎంత పనిమంతురాలే, పక్షిని దాచిపెట్టి పోయింది చూడండి!"

మా ఆయన నోరు తెరిచారు. ఆయన కాలు మీద మడమ పెట్టి నొక్కాను. మా మరిది పైకప్పు వంక చూస్తున్నాడు. అత్తయ్య పక్షిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరికీ ఇవ్వనన్నట్టు దాని మీద చేయి వేసుకుంది. ఆవిడ అలా నవ్వడం నేను ఈ మధ్య చూడలేదు.

అట్ట గురించి చెప్పాలనుకుంటే అదే సమయం. చెప్పదల్చుకున్న మాటలు వరసగా నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. అవి అక్కడే ఉండిపోయాయి.

"పెద్దమ్మాయ్, నీదేదీ?" అంది అత్తయ్య, ఖాళీగా ఉన్న చేయి చాపి.

పొట్లం విప్పి, నా లేసుని రెండు వేళ్ళతో ఎత్తి, ఆవిడ అరచేతిలో పరిచాను. కిటికీలోంచి వెలుతురు పడింది. మా మరిది "అబ్బా," అన్నాడు, అతనికి లేసుకీ దోమతెరకీ తేడా తెలియదు, అయినా అన్నాడు. తోడికోడలు ముందుకు వంగి చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది ఆ ముఖమే.

అత్తయ్య చేయి అలాగే చాపి ఉంచింది.

"ఇవ్వవే," అంది.

ఏళ్ళ తరబడి సూదులు నొక్కి నొక్కి కాయలు కాసిన చేయి అది. నా దారానికి నెంబరు కూడా లేదు. ఆవిడ అరచేతిలో ఏమీ లేదు, ఆవిడకి సంబంధించినంత వరకు.

"ఏదే? తెచ్చావా?"

"మీ చేతిలోనే ఉంది అత్తయ్యా" అంటే చాలు. అప్పుడు ఆవిడ వేళ్ళు ముడుస్తుంది, వెతుకుతుంది, దొరకదు. అందరి ముందూ దొరకదు. కళ్ళు పోయిన సంగతి దాచుకుంది, చేతులు ఒక్కటే మిగిలాయనుకుంటోంది.

నా లేసుని అంచు పట్టుకుని మెల్లగా పైకి ఎత్తాను. ఆవిడకి తెలియలేదు. గుప్పిట్లో ముడుచుకున్నాను.

"పూర్తి కాలేదు అత్తయ్యా," అన్నాను.

"ఏంటీ?"

"అవలేదు. కుడి రెక్క మిగిలిపోయింది."

చాపిన చేయి కుర్చీ చేతి మీద ఠప్పున పడింది. "రెండు నెలలు! ఫ్యాన్లాపి, తలుపులేసి, వాడికి టైముకి ఇంత కాఫీ కూడా పొయ్యకుండా ఏం వెలగబెట్టావే లోపల? ఎప్పుడూ నోరాడ్డమే తప్ప చెయ్యాడింది ఎప్పుడు గనక? చిన్నది చూడు, మాటా పలుకూ లేకుండా పని చేసి చూపించింది. పెద్దకోడలివి, ఉండాలి కాస్త సిగ్గు! దిండు దానికే ఇస్తున్నా. నీ చేతికిస్తే ఎలకలు కాపురం పెడతాయి అందులో!"

మా ఆయన "అమ్మా, అది కాదు..." అనబోయారు. ఈసారి తోడికోడలే ఆయన చొక్కా పట్టుకుని ఆపింది.

అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. మా తోడికోడలు నవ్వలేదు. దిండు తీసుకోవడానికి ముందుకు రమ్మంటే రాలేక, అక్కడే గోడ వైపు తిరిగి నిలబడిపోయింది. అయినా నాకు ఏడుపొచ్చింది. చప్పుడు రాకుండా ఏడ్చాను.

అత్తయ్య ఈ మధ్య ఎవర్నీ ఒక్క మాట అనడం లేదని అప్పుడు తట్టింది. చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా, పెట్టింది తింటూ, చెప్పినదానికి తలూపుతూ ఉంది ఇన్నాళ్ళూ. ఇవాళ నడుం నిటారుగా పెట్టి, వేలు చూపించి, పూర్వంలా గది మోగిపోయేలా తిట్టింది. నా గొంతు వినిపించిన చోటికి వేలు పెట్టింది కాబోలు, అది సరిగ్గా నా ముఖం మీదికే ఉంది. ఆ గురి తప్పకూడదని నేను కదలకుండా అక్కడే నిలబడ్డాను.